తవుడుకు అమ్మిన కొడుకు

మా తమ్ముడి పదో తరగతి మెమోలో తల్లి పేరు తప్పు. అక్షరం తప్పు కాదు, మనిషే తప్పు. మా అమ్మ పేరు ఉండాల్సిన చోట ఎదురింటి ఆమె పేరు ఉంది. తండ్రి గడిలో మాత్రం మా నాన్న పేరే. రెండూ పక్కపక్కన చదివితే ఎవరికైనా మా నాన్నకు చిన్నిల్లు ఉందనిపిస్తుంది. పాపం, ఆయన చెరకు బండ్లు తూకం వేసే చోట పనిచేసి, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ బెంగతోనే మంచం పట్టి పోయాడు. ఒక్క సంసారమే ఈదలేకపోయిన మనిషికి కాగితం మీద ఇంకో పెళ్లాన్ని కట్టబెట్టింది వేరెవరో కాదు, మా అమ్మే.

ఎందుకో చెప్తాను. నా తరువాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఒకడు తొమ్మిది రోజులు బతికాడు, ఇంకొకడు నాలుగు నెలలు. మూడోసారీ మగపిల్లవాడే పుట్టాడు. పిల్లలు నిలవని ఇంట్లో మా దిక్కు ఒక పని చేస్తారు. బిడ్డను చాటలో పడుకోబెట్టి, పిల్లలు నిలిచిన ఇల్లాలికి అమ్మేస్తారు. వెల ఇంత తవుడు. మా ఎదురింటి ఆమె బీడీలు చుట్టేది. ఐదుగురు పిల్లలు, ఐదుగురికీ జలుబు కూడా తెలియదు. ఆమె కొంగులో తవుడు తెచ్చి మా గడపలో పోసి, చాట ఎత్తుకుని గల్లీ దాటి వాళ్లింట్లోకి వెళ్లింది. నాకప్పుడు ఆరేళ్లు. తమ్ముణ్ని నిజంగానే అమ్మేశారనుకుని ఏడుస్తూ వెంటపడ్డాను. కాసేపాగి ఆమె మళ్లీ వచ్చి బిడ్డను అమ్మ ఒళ్లో పెట్టి, "నా కొడుక్కు జర పాలియ్యె" అంది. ఆ క్షణం నుంచి వాడు ఆమె కొడుకు, మా అమ్మ పాలిచ్చే కూలిది. చావు వచ్చి ఈ ఇంట్లో నీ కొడుకేడి అని అడిగితే, నాకు కొడుకే లేడని అమ్మ చెప్పాలి. అంత మాత్రం మాటకు మోసపోయే చావుకు మనుషులు ఎందుకు భయపడతారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. కానీ వాడు బతికాడు. దాన్ని మాత్రం నేనూ కాదనలేను.

అందరి ఇళ్లలో ఇది ముక్కు కుట్టించడంతో ముగిసే ముచ్చట. పిల్లవాడు నడక నేర్చాక ఎవరూ తలచుకోరు. మా అమ్మది ఉడుంపట్టు. వాడికి మాటలు వచ్చిననాటి నుంచి ఎదురింటి ఆమెను అవ్వ అనీ, తనను చిన్నమ్మ అనీ పిలిపించింది. మా దిక్కు తల్లినే అవ్వ అంటాం. నేను మా అమ్మను అట్లాగే పిలుస్తాను. వాడు ఒకసారి పొరపాటున పిలిస్తే నోటి మీద కొట్టింది. ఆపైన గల్లీలో ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లందరితో ఒట్టు వేయించుకుంది. కొత్త మనిషి ఎవరొచ్చి అడిగినా ఈ పిల్లవాడు ఎదురింటి ఆమె కొడుకనే చెప్పాలి.

బడిలో చేర్పించేటప్పుడు, నాన్న పక్కనుండగానే, సారుకు ఎదురింటి ఆమె పేరు చెప్పి రాయించింది. సారు కళ్లద్దాల మీదుగా నాన్నను చూశాడట. "రాయుండ్రి సారూ, నాకు లేని ఫికరు మీకెందుకు?" అన్నాడట మా నాన్న. ఈ ముచ్చట చెప్పి ఆయన ఎంతమందిని నవ్వించాడో లెక్కలేదు. నేనూ కడుపు పట్టుకుని నవ్వేదాన్ని.

తమ్ముడు డిగ్రీ మధ్యలో మానేసి మిలిటరీ సెలక్షన్‌కు పోయాడు. పొద్దున్నే మా గల్లీ నుంచి పాత ఫ్యాక్టరీ గోడల వెంట పరుగెత్తి పరుగెత్తి ఊపిరి పెంచుకున్నాడు. సెలక్టయ్యాక వాళ్లు పదో తరగతి మెమో చూసి అందులో ఉన్న తల్లి పేరే ఎక్కించుకున్నారు. ఒంటి మీద గుర్తులు రాసే చోట ముక్కుకు ఎడమ పక్క కుట్టిన మచ్చ అని రాసుకున్నారు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు నేను అడిగాను, ఇప్పుడైనా తల్లి పేరు సరిచేయించమని. ఆధార్లు, అఫిడవిట్లు ఏమేం కావాలో నేనే తెలుసుకుని పెట్టాను.

"ఉండనీ అక్కా," అన్నాడు. "చిన్నమ్మ పరేషానైతది. నేను రిటైరయ్యేటాళ్లకు సూసుకుందం."

వాడి మంచితనం అది. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

నా సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. నన్ను కమ్మర్‌పల్లి దిక్కు ఇచ్చారు. మా ఆయన గల్ఫ్‌కు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నేను పుట్టింటికి, బోధన్‌కు తిరిగొచ్చి నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. వేసవిలో జీతం ఉండదు. ఉన్న నెలల్లో బస్సుకూ కూరగాయలకూ సరిపోతుంది. ఇంటి కిరాయి, బియ్యం, అమ్మ గుండె గోలీలు, అన్నీ తమ్ముడి జీతం మీదే నడిచేవి. వాడి పెళ్లి మాట ఎత్తితే, ముందు మీ ఇద్దరికీ ఒక సొంత గూడు కట్టనీయండి అనేవాడు.

చలికాలంలో ఫోను వచ్చింది. కొండల్లో గస్తీకి పోతుంటే మంచు చరియ విరిగిపడిందన్నారు. తోడున్నవాళ్లు దొరికారు, వాడు దొరకలేదు. వెతుకుతున్నామన్నారు. వారాలు వెతికారు. తరువాత మంచు ఎక్కువైందనీ, కరిగాక మళ్లీ చూస్తామనీ చెప్పారు. చివరకు ఒక ఉత్తరం వచ్చింది. అది కూడా ఎదురింటి ఆమె పేరు మీదే, మా ఇంటి నంబరుకు వచ్చింది. చనిపోయాడని అందులో లేదు. జాడ తెలియలేదని ఉంది.

నేను చదివి చెప్తే అమ్మ కళ్లు కూడా తుడుచుకోలేదు. "తప్పిపోయినోడు దొర్కుతడు," అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆ వారమంతా పరామర్శకు వచ్చినవాళ్లు మా ఇంటికి రాలేదు. గల్లీకి గల్లీ ఎదురింటికి పోయింది. ఒట్టు ఒట్టే కదా. మాక్లూర్ నుంచి మా మేనమామ వచ్చినా చెప్పులు ఎదురింటి ముందే విడిచాడు. ఎదురింటి ఆమె నడిమింట్లో కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది. అది నటన కాదు. వాడంటే ఆమెకు ప్రాణం. మా అమ్మ వాళ్ల వంటింట్లో నిలబడి వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టింది. కప్పులు కడిగింది. మళ్లీ పెట్టింది. ఎవరో తెలియని మనిషి, "నువ్వేమైతవమ్మా?" అని అడిగితే, "ఎదురింటిదాన్ని," అంది. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. ఆమెను పట్టుకుని గట్టిగా ఊపాలనిపించింది, అంత కోపం వచ్చింది. కోపం రాకపోతే నేనూ ఆ వంటింట్లోనే కూలబడి ఏడ్చేదాన్నేమో.

తరువాత జీతం ఆగిపోయింది. అమ్మ గుండె గోలీలను సగానికి విరిచి వేసుకుంటోందని నాకు ఆలస్యంగా తెలిసింది. డబ్బాలో విరిచిన ముక్కలు చూసి అడిగితే, "సగం ఏసుకుంటెనే మంచిగున్నదే," అని బుకాయించింది. నేను మధ్యాహ్నం బడిలో పిల్లలు వదిలేసిన అన్నం తిన్న రోజులున్నాయి. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

నిజామాబాద్‌లో సైనికుల కుటుంబాల పనులు చూసే ఆఫీసు ఒకటుంది. అక్కడ రిటైరైన సుబేదారు ఒకాయన కూర్చునేవాడు. మీసాలు తెల్లవి, మాట మెత్తన. జాడ తెలియని సైనికుడి కుటుంబానికి కొన్ని నెలల తరువాత పెన్షన్ మొదలవుతుందనీ, పెళ్లికాని వాడు కాబట్టి తల్లికి వస్తుందనీ ఆయనే చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆయన కాగితాలు తిప్పి చూసి ఆగిపోయాడు.

"గీమె ఎవరమ్మా?" అన్నాడు తల్లి పేరు మీద వేలు పెట్టి.

చాట, తవుడు, ఒట్టు, బడి సారు, అన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు. వాళ్లది సిరికొండ దిక్కు అట. "మా ఇంట్ల గూడ ఉన్నడమ్మా గట్ల అమ్మినోడు. గని కాగితం మీదికి ఎవలు ఎక్కిచ్చుకోలే," అన్నాడు. ఎదురింటి ఆమెకు ఆ పెన్షన్ రాదు, ఆమె ఆధార్‌లో ఉన్న మొగుడి పేరు మా నాన్నది కాదు. మా అమ్మకు రావాలంటే ఆమే కన్నతల్లి అని తహసీల్దారు విచారణ చేసి రాయాలి. లేకపోతే ఇద్దరికీ లేదు. కాగితం మీద మా తమ్ముడికి తల్లే లేదు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఒక ఉపాయం చెప్పింది. "ఆమె పేరు నాదే అని రాయి. నాకు రెండు పేర్లున్నయని రాయి." కోర్టు దగ్గర అట్లాంటి అఫిడవిట్లు రాసిచ్చేవాళ్లు ఉంటారు. ఎదురింటి ఆమె బతికుండగా అది దొంగ కాగితం అవుతుందనీ, తల్లీకూతుళ్లిద్దరూ జైలుకు పోతారనీ సుబేదారు తిట్టాడు. అమ్మ బాధ నాకప్పుడు అర్థమైంది. దేశంలో ఏ మనిషి పేరైనా పెట్టుకుంటుంది కానీ వాడికి తల్లినని మాత్రం చెప్పదు. చెప్తే, ఎక్కడో బతికున్నవాడు పోతాడు. బతికి లేడని చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

దరఖాస్తు మీద ఆమె వేలిముద్ర ఎట్లా వేయించానో చెప్పాలి. మందుల కాగితమని చెప్పి వేయించాను. చదువు చెప్పే మనిషిని, చదువురాని తల్లిని మోసం చేశాను.

విచారణకు మండలం ఆఫీసు నుంచి ఒకాయన వచ్చిన రోజు నేను బడిలో ఉన్నాను. ముందే కబురు చేస్తారనుకున్నాను, చేయలేదు. ఆయన గల్లీలోకి వచ్చి, చేతిలో ఫైలు పట్టుకుని, మిలిటరీ అబ్బాయి తల్లి ఎవరని అడిగాడు. కొత్త మనిషి. చేతిలో కాగితం. గల్లీలో పది మంది ఆడవాళ్లను అడిగితే పది మందీ ఎదురిల్లే చూపించారు. బీడీల చాట ముందు కూర్చున్న ఎదురింటి ఆమెను అడిగితే, "నేనే సారూ, నా కొడుకే," అని ఏడ్చింది. చివరకు మా ఇంటికి వచ్చి మా అమ్మను అడిగాడు, నీకు ఎంతమంది పిల్లలమ్మా అని.

"ఒక్కతే బిడ్డ," అంది అమ్మ.

ఆయన తప్పేమీ లేదు. విన్నదే రాశాడు. దరఖాస్తు చేసుకున్న స్త్రీ సదరు సైనికుడి తల్లి కాదని రాశాడు. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నేను నిజామాబాద్ నుంచి బస్సులో నిలబడే వచ్చాను. ఎడపల్లి దాటాక వేరే ఊరి ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు గంటసేపు కదల్లేదు. ఆ గంటలో నేను మా అమ్మను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో నాకే తెలుసు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే కాగితం ఆమె ముందు విసిరేశాను. "సంబురమేనా? నీకు కొడుకే లేడని సర్కారు గూడ రాసిచ్చింది."

ఆమె కాగితం తీసి మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది.

"అవ్వా, వాడు పోయిండే," అన్నాను. "మంచుల పోయిండు. నువ్వు చెప్పినా పోయిండు, చెప్పకున్నా పోయిండు. వాణ్ని నువ్వు బతికిస్తలేవు. నన్ను సంపుతున్నవ్."

ఆ మాట అన్నందుకు నన్ను నేను క్షమించుకోలేదు, అనకపోతే ఏమయ్యేదో కూడా తెలియదు. అమ్మ మెల్లగా అంది: "ఇద్దర్ని నా కొడుకులని గల్లంత చెప్పుకున్ననే. బెల్లం పంచిన. ఇద్దరు పోయిండ్రు. వీడొక్కన్ని చెప్పుకోలే. ఇరవై ఆరేండ్లు ఉన్నడు. నువ్వు సదువుకున్నవ్, నీకు నవ్వొస్తది. నాకు ఆ ఒక్క మాటనే ఉన్నది. అది గూడ ఇయ్యమంటవా?"

నాకు నవ్వు రాలేదు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న ఎదురింటి ఆమె లోపలికి వచ్చి అమ్మ పక్కన కూలబడింది. "నేను చెప్త సారు ముంగట, వాడు నా కొడుకు గాదని," అని మొదలుపెట్టి, సగంలోనే ఆపేసింది. ఆమెకూ ఆ మాట అంత తేలిక కాదు. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఏడ్చారు. వాడి జాడ తెలియకుండా పోయాక మా అమ్మ ఏడవడం అదే మొదటిసారి. నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

పది రోజులు ఇంట్లో ఆ ఊసు లేదు. నేను ఎత్తలేదు. పదకొండో రోజు బడికి పోదామని లేచేసరికి అమ్మ స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని కూర్చుంది. రాత్రంతా గుండెలో నొప్పి వచ్చిందని తరువాత ఎదురింటి ఆమె చెప్పింది. డబ్బాలో గోలీ ముక్క కూడా మిగల్లేదని అప్పుడే చూశాను. "నడు," అంది అమ్మ, "నేను గిట్ల పోతె నీకు ఎవలున్నరు?"

ఫలితం ముందే చెప్పేస్తాను. పెన్షన్ వచ్చింది. ఇప్పటికీ వస్తోంది. అమ్మ గోలీలు నిండుగా వేసుకుంటోంది. ఇది రాస్తున్న ఈ పూట మేం తిన్న అన్నం ఆ డబ్బులదే. ఎవరైనా అడిగితే సర్కారు మాకు అన్యాయం చేయలేదనే చెప్తాను.

మళ్లీ విచారించమని అర్జీ ఇచ్చి, మండలం ఆఫీసులో ముగ్గురం బల్ల ముందు నిలబడ్డాం. ఎదురుగా ఉన్న తహసీల్దారు చిన్న వయసువాడు, వేరే జిల్లావాడు. ముందు ఎదురింటి ఆమె చెప్పింది, తాను కనలేదనీ, తవుడు పోసి తీసుకున్నాననీ. ఆయనకు ముందు అర్థం కాలేదు. పక్కనున్న అటెండరు చెవిలో చెప్తే తలూపాడు. తరువాత మా అమ్మ వైపు తిరిగి, చాలా మర్యాదగా, "అమ్మా, మీరు చెప్పాలి. మీకు పిల్లలు ఎంతమంది?" అన్నాడు.

అమ్మ బల్ల అంచు పట్టుకుంది. నేను భుజం మీద చేయి వేయబోతే తోసేసింది. ఆయన తొందర పెట్టలేదు. కలం కింద పెట్టి కూర్చున్నాడు.

"నలుగుర్ని కన్న సారూ," అంది. "గీమె పెద్దది. ఎనుక ముగ్గురు మొగ పోరగాండ్లు. మిలిటరీల ఉన్నోడు నా కొడుకే. నేనే కన్న." ఊపిరి తీసుకుంది. "ముగ్గురు కొడుకులు. ముగ్గురు పోయిండ్రు. రాసుకో."

ఆయన రాయబోయి ఆగాడు. "అట్లా అనకండమ్మా. మూడో అబ్బాయి జాడ తెలియలేదని మాత్రమే ఉంది. పోయాడని ఎవరూ రాయలేదు."

అమ్మ ఆయన వైపు, ఏమీ తెలియని పిల్లవాణ్ని చూసినట్టు చూసింది.

"ఇప్పుడే చెప్పిన గద బిడ్డా, నా కొడుకని," అంది. "ఇగ ఏడుంటడు?"

అని, వేలిముద్రకు బొటనవేలు చాపింది.